శ్రీలంకలో 2017లో డెంగీ ఒక్కసారిగా ఎందుకంత పెరిగింది?

వానలు, దోమలు మాత్రమే కారణం కాదు. డెంగీ వైరస్‌లో నాలుగు సీరోటైపులు, అంటే మన ఇమ్యూనిటీ వేర్వేరుగా గుర్తించే రకాలు, ఉన్నాయి. ఒకటి సోకితే దాని నుంచి చాలా ఏళ్లు రక్షణ ఉంటుంది, మిగతా మూడింటి నుంచి కొన్ని నెలలే. శ్రీలంకలో 2009 నుంచి ఎక్కువగా తిరిగింది టైప్-1. 2016లో టైప్-2 పుంజుకునేసరికి దాన్ని తట్టుకునే ఇమ్యూనిటీ చాలామందికి లేదు. 2017లో 1,86,000కు పైగా కేసులు, 400కు పైగా మరణాలు! పైగా పాత యాంటీబాడీలు కొత్త రకాన్ని ఆపలేక, కణాల్లోకి అది చేరేందుకే తోడ్పడవచ్చు. రెండోసారి డెంగీ వస్తే టెన్షన్ అందుకే.

డెంగీది ఆర్‌ఎన్‌ఏ వైరస్ (జన్యు సమాచారం ఆర్‌ఎన్‌ఏలో ఉండేది), కాపీ అయ్యేటప్పుడు దొర్లిన తప్పుల్ని దిద్దుకోలేదు. అందుకే సీరోటైప్ అదే ఉన్నా లోపలి ఉపరకం మారిపోవచ్చు. 1989 తర్వాత అక్కడ తీవ్రమైన డెంగీ పెరిగినప్పుడు టైప్-3లో కనిపించింది ఈ మార్పే.