స్టావిస్కీ (1974) సినిమా, ఫ్రెంచి చరిత్ర తెలియనివాళ్ళకి అర్థమవుతుందా?

మొదటిసారి నాకైతే కాలేదండీ, సగంలో నిద్రపోయా. ఫ్రాన్స్‌లో నిజంగా ఉన్న స్టావిస్కీ అనే మోసగాడి కథ, ఆ వేషం వేసిన హీరో బెల్మాండో కదా, ఫైటింగులుంటాయేమో అని పెట్టా, తీరా చూస్తే సూట్లు, తెల్లపూలు, క్లారిడ్జ్ హోటలు, మధ్యలో ఏ సంబంధం లేకుండా రష్యా విప్లవ నాయకుడు ట్రాట్‌స్కీ, ఫ్రాన్స్‌లో తలదాచుకోడానికి దిగుతాడు. పైగా డైరెక్టర్ అలెన్ రెనే కథ వరసగా చెప్పడు, ముందుదీ వెనకదీ కలిపేస్తాడు.

తర్వాత అసలు స్కామ్ ఏంటో చదివి మళ్ళీ చూశా, అప్పుడు వదల్లేదు. నేను బ్యాంకులో పదకొండేళ్ళు గోల్డ్ లోన్ సీట్లో కూర్చున్నా, అందుకేనేమో. బయోన్ అనే ఊళ్ళో మున్సిపాలిటీదే ఒక తాకట్టు సంస్థ, నగలు పెట్టుకుని అప్పులిస్తుంది, దానికి కావాల్సిన డబ్బుకి బాండ్లు అమ్ముతుంది. స్టావిస్కీ అందులో తన మనిషిని పెట్టించి కౌంటర్‌ఫాయిల్ (ఆఫీసులో మిగిలే చీటీ ముక్క) మీద చిన్న అంకె, బాండు మీద పెద్ద అంకె రాయించాడు. ఇలాంటి బాండ్లు కొనొచ్చని ఒక మంత్రి రాసిన ఉత్తరం చూపిస్తే ఇన్సూరెన్స్ కంపెనీలు కొనేశాయి, మొత్తం 20 కోట్ల ఫ్రాంకుల పైనే!

మా బ్రాంచిలో కూడా ఒకసారి బంగారం పరీక్షించే అప్రైజరే గిల్టు గాజులకి బంగారమని సర్టిఫికెట్ ఇచ్చేశాడు. ఆడిట్లో గాజు కాస్త అరగదీసి యాసిడ్ చుక్క వేస్తే పచ్చగా నురగ పొంగింది, మేనేజర్ కుర్చీలో కూలబడ్డాడు. ఆ అప్రైజరు రోజూ మా అందరికీ టీ తెప్పించేవాడండీ, ఎవరు అనుమానిస్తారు? సినిమాలో చార్లెస్ బోయర్ వేసిన, స్టావిస్కీ స్నేహితుడైన ముసలి బారన్‌ది కూడా మాలాంటి వరసే, అంతా బయటపడ్డాక కూడా స్టావిస్కీ మీద ప్రేమ పోదు.

మీరు ముందే తెలుసుకోవాల్సింది ఒకటే. 1927 నుంచి వాయిదాల మీద వాయిదాలు పడుతున్న కేసున్న స్టావిస్కీ, 1934 జనవరిలో షామొనీ అనే కొండ ఊళ్ళో తుపాకి గుండుతో చనిపోయాడు, పోలీసులు ఆత్మహత్య అన్నారు, జనం నమ్మలా, పెద్దలే నోరు మూయించారనుకున్నారు. ప్రధాని షోటాం దిగిపోయాడు, ఫిబ్రవరి 6న పారిస్‌లో అల్లర్లు జరిగి పదిహేను మంది దాకా పోయారు, మర్నాడే కొత్త ప్రధాని దలాదియే కూడా అవుట్. తర్వాత వచ్చిన ప్రభుత్వం ట్రాట్‌స్కీని దేశం వదిలి పొమ్మంది, ఆయన సినిమాలో ఎందుకున్నాడో నాకు అప్పటికి గానీ వెలగలేదు. అల్లర్లు చూపిస్తాడని మాత్రం కూర్చోకండి.

సబ్‌టైటిల్స్‌తో చూడండి, రాత్రి భోంచేసి మాత్రం పెట్టుకోవద్దు.