ఇంగ్లండ్‌లోని సెయింట్ ఆల్బన్స్ చర్చిలో ఉండిన ఇత్తడి బాప్తిస్మపు తొట్టి ఏమైంది?

సూటిగా చెప్పాలంటే, 1640లలో ఇంగ్లండ్ అంతర్యుద్ధం రోజుల్లో మాయమైంది. ఇత్తడికి వచ్చే డబ్బు కోసం ఎవరో ఎత్తుకెళ్లి అమ్మేశారని చాలాకాలంగా అనుకుంటున్నారు.

అసలది ఇంగ్లండ్ సొత్తే కాదు. 1544లో ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీ సైన్యం స్కాట్లండ్ రాజధాని ఎడిన్‌బరోను తగలబెట్టినప్పుడు, సర్ రిచర్డ్ లీ అనే సైనిక ఇంజనీరు అక్కడి హోలీరూడ్ మఠం నుంచి దాన్ని పట్టుకొచ్చి సెయింట్ ఆల్బన్స్ చర్చికి ఇచ్చాడు. ఆ చర్చి ఉన్న సెయింట్ ఆల్బన్స్ మఠం 1539లోనే రద్దయింది. 1553లో ఊరివాళ్లు 400 పౌండ్లిచ్చి ఆ చర్చిని తమ పారిష్ (స్థానిక చర్చి సంఘం) కోసం కొనుక్కున్నారు.

తొట్టి పోయినా దాని మీది లాటిన్ రాత మిగిలింది, విలియం కామ్డెన్ అనే చరిత్రకారుడు నకలు రాసి పెట్టబట్టి. అందులో తొట్టే మాట్లాడుతుంది: మంటల్లోంచి లీ నన్ను కాపాడాడు, ఒకప్పుడు రాజుల బిడ్డలకే బాప్తిస్మమిచ్చిన నేను ఆ కృతజ్ఞతతో ఇప్పుడు ఇంగ్లండ్‌లోని అతి సామాన్యుల బిడ్డలకూ ఇస్తున్నాను, విజేత అయిన లీ కోరిక ఇది, అని. దోచుకొచ్చిన వస్తువు చేతే దోచినవాడికి థాంక్స్ చెప్పించడం! చదివితే ఒళ్లు మండుతుంది.

లీ హోలీరూడ్ నుంచే తెచ్చిన ఇత్తడి గద్ద ఆకారపు బైబిల్ పీఠం మాత్రం బతికింది. సెయింట్ ఆల్బన్స్ ఊళ్లోనే ఉన్న సెయింట్ స్టీఫెన్స్ చర్చి ఆవరణలో పాతిపెట్టి ఉండగా 18వ శతాబ్దంలో బయటపడింది. 1984లో చోరీ అయి, 1999లో దొరికి, ఇప్పుడు స్కాట్లండ్ జాతీయ మ్యూజియంలో ఉంది.