ఇంటర్ మార్కులు ఎందుకూ పనికిరావా?

ప్రశ్న: మాది నరసరావుపేట. మా అబ్బాయికి ఇంటర్ ఎంపీసీలో 1000కి 948 వచ్చాయి, అందులో గ్రూపు సబ్జెక్టుల్లో (లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ) 600కి 564. నిట్‌ల లాంటి జాతీయ కాలేజీలకి రాసే జేఈఈ మెయిన్‌లో మాత్రం 86 పర్సంటైల్ (రాసిన వందమందిలో సుమారు 86 మంది కంటే పైన) దగ్గరే ఆగిపోయాడు. హైదరాబాద్‌లో ఉండే మా అన్నయ్య "ఇంటర్ మార్కులు ఎవరు చూస్తున్నారమ్మా, ఎంట్రన్స్‌లో వచ్చిందే లెక్క" అన్నప్పటి నుంచి వాడు పుస్తకం ముట్టడం లేదు. రాష్ట్ర ఇంజనీరింగ్ ఎంట్రన్స్ ఈఏపీసెట్‌కి మూడు వారాలే ఉంది. రెండేళ్ల కష్టం వృథా పోయినట్టేనా?

జవాబు: పోలేదమ్మా. మీ అన్నయ్యగారు అన్నది తెలంగాణకి నిజం, మీకు కాదు. అక్కడ ఇంటర్ వెయిటేజీని, అంటే ఎంట్రన్స్ ర్యాంకులో ఇంటర్ మార్కులకి ఇచ్చే వాటాని, 2023లో పూర్తిగా తీసేశారు. ఆంధ్రాలో కోవిడ్ రోజుల్లో ఆపి, అదే 2023లో మళ్లీ తెచ్చారు. ఈఏపీసెట్ మార్కులకి 75 శాతం, ఇంటర్ గ్రూపు మార్కులకి 25 శాతం. ఇంగ్లిష్, సంస్కృతం ఇందులోకి రావు, అందుకే 948 కాదు, 564 చూడండి. దాన్ని 25కి కుదిస్తే 23.5. అంటే బాబు పరీక్ష హాల్లో అడుగు పెట్టకముందే ఆ పాతికలో ఒకటిన్నర తప్ప మిగతాదంతా చేతిలో ఉంది. ఈ లెక్క కాగితం మీద వేసి వాడికి చూపించండి, దయచేసి ఇవాళే.

అలాగని నిశ్చింతగా కూర్చోవడానికీ లేదు. పరీక్ష 160 మార్కులకి, దాన్ని 75కి కుదిస్తారు కాబట్టి అక్కడి ఒక్క మార్కు ఇంటర్లో పదకొండు మార్కులకి సమానం. (సెషన్లు వేరువేరు కాబట్టి పేపర్ల కష్టంలో తేడాని సరిచేసిన (నార్మలైజ్ చేసిన) మార్కులు తీసుకుంటారు, లెక్క కాస్త అటూ ఇటూ అవుతుంది.) గ్రూపులో 500 వచ్చిన కుర్రాడు ఈఏపీసెట్‌లో ఆరు ప్రశ్నలు ఎక్కువ రాస్తే చాలు, మీ వాడిని దాటేస్తాడు.

ఇంకో మాట, ఇది చాలామంది జేఈఈ పిల్లలు చేసే పొరపాటు. మెయిన్‌లో తప్పుకి మార్కు పోతుంది కదా, అందుకని తెలియనివి వదిలేయడం అలవాటైపోయి ఇక్కడా ఖాళీలు పెట్టి వస్తారు. ఈఏపీసెట్‌లో మైనస్ మార్కులు లేవు, 160కి 160 పెట్టి రావాల్సిందే. లెక్కలే 80 మార్కులు, ఫిజిక్స్, కెమిస్ట్రీ చెరో 40. ఈ మూడు వారాలూ ఎక్కువ టైమ్ లెక్కలకే పెట్టమనండి.

జేఈఈ సంగతి దాచకుండా చెబుతాను. 2013 నుంచి 2016 దాకా మెయిన్ ర్యాంకులో బోర్డు మార్కులకి 40 శాతం ఉండేది, 2017లో తీసేశారు. ఇప్పుడు నిట్ సీటుకి ఇంటర్‌లో 75 శాతం ఉంటే చాలు (ఎస్సీ, ఎస్టీలకి 65), లేదా బోర్డులో టాప్ 20 పర్సంటైల్‌లో ఉన్నా సరిపోతుంది. అంటే అక్కడ 76 వచ్చినా 94 వచ్చినా ఒకటే, ఆ పైన అంతా ర్యాంకే. 86 పర్సంటైల్‌తో తాడేపల్లిగూడెం నిట్‌లో కోరుకున్న బ్రాంచి రావడం కష్టం, ఆ ఆశ మీద ఈ మూడు వారాలు పోగొట్టుకోవద్దు.

ఇవాళ రాత్రే మీ అన్నయ్యగారికి ఫోన్ చేసి ఆంధ్రా లెక్క వేరని చెప్పండి. ఆ మాట మేనమామే బాబుకి చెబితే ఇంకా మంచిది, పుస్తకం మూయించింది ఆయన మాటే కదా.