మేడారం నుంచి మస్కట్ దాకా: కరెంట్ అఫైర్స్‌పై మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో, మెసేజ్‌ల్లో సగానికి పైగా పోటీ పరీక్షలకు చదివేవాళ్లవే. సంస్కృతి, వలసలు, ఆరోగ్యం అని మూడు వేర్వేరు నోట్‌బుక్కులు పెట్టుకుని, మూడింట్లోనూ బిట్లు కుక్కుకుంటూ పోతున్నారని అర్థమైంది. మన ములుగు, జగిత్యాల, ఆసిఫాబాద్‌లలో ఆ మూడూ ఒకే ఇంట్లో కనిపిస్తాయి. జవాబులు కూడా అలాగే ఒకదాంట్లోంచి ఒకదాంట్లోకి పోతాయి, సర్దుకోండి.

ప్రశ్న: రామప్పకు, మేడారానికి రెండిటికీ యునెస్కో గుర్తింపు ఉందని మా గ్రూప్‌లో ఒక పీడీఎఫ్ తిరుగుతోంది. నిజమేనా సార్? (హనుమకొండ)

సగమే నిజం. రామప్పకు ఉంది, మేడారానికి లేదు. ముందు ఆ పీడీఎఫ్ డిలీట్ చేయండి.

యునెస్కో దగ్గర కట్టడాలకు, ప్రదేశాలకు ఒక జాబితా, పండగలకు, ఆటపాటలకు, చేతిపనులకు ఇంకో జాబితా ఉంటాయి. కాకతీయ రుద్రేశ్వర ఆలయం, అంటే మన రామప్ప, మొదటిదాంట్లో ఉంది. 2021 జులై 25న, చైనాలోని ఫుజౌ కేంద్రంగా ఆన్‌లైన్‌లో జరిగిన 44వ సమావేశంలో మన దేశం నుంచి 39వదిగా చేరింది. రెండు రోజులకే ధోలావీరా 40వది అయింది. ఆ తర్వాత 2023లో శాంతినికేతన్, హోయసల ఆలయాలు, 2024లో అస్సాం చరాయ్‌దేవ్ మొయిదాంలు (అహోం రాజుల సమాధి దిబ్బలు), 2025లో మరాఠా కోటలు వచ్చి లెక్క 44కు చేరింది. రెండో జాబితాలోకి 2023లో గుజరాత్ గర్బా, 2025 డిసెంబర్‌లో దీపావళి ఎక్కాయి. ఆ దీపావళి నిర్ణయం జరిగింది ఢిల్లీ ఎర్రకోటలోనే, కాబట్టి వేదిక కూడా అడుగుతారు.

మేడారం జాతర రాష్ట్ర పండగ. 1996 నుంచి ఆ హోదా ఉంది. రెండేళ్లకోసారి మాఘమాసంలో జరుగుతుంది, 2024లో ఫిబ్రవరి 21 నుంచి 24 దాకా, 2026లో జనవరి 28 నుంచి 31 దాకా. కన్నెపల్లి నుంచి సారలమ్మ, పూనుగొండ్ల నుంచి పగిడిద్దరాజు, కొండాయి నుంచి గోవిందరాజు, చిలుకలగుట్ట నుంచి సమ్మక్క వస్తారు. జతపరచండి అనే ప్రశ్నకు ఇంతకంటే మంచి సరుకు దొరకదు. బెల్లాన్ని అక్కడ బంగారం అంటారని మీకు నేను చెప్పక్కర్లేదు.

మెయిన్స్‌కు పనికొచ్చే సంగతి ఇంకొకటుంది. రామప్ప గుడిని 1213లో కట్టించింది గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు. మేడారం కథేమో కరువులో కప్పం కట్టలేని కోయలు ప్రతాపరుద్రుడి సైన్యంతో పోరాడిన కథగా జనం నోట నిలిచింది. అంటే కాకతీయులు కట్టిందీ, కాకతీయులను ఎదిరించినవాళ్ల గద్దెలూ ఒకే ములుగు జిల్లాలో ఉన్నాయి. ఒకటి శాసనాల్లో, రాతిలో ఉన్న చరిత్ర, ఇంకొకటి డోలు మీద పాడుకున్న చరిత్ర. ఈ రెండిటినీ పక్కపక్కన పెట్టి ఒక పేరా రాయగలిగితే దిద్దేవాడికి మీరు బట్టీ కొట్టలేదని తెలిసిపోతుంది.

ప్రశ్న: పద్మశ్రీ వచ్చిన మన జానపద కళాకారులందరూ తికమక అవుతున్నారు. (జనగామ)

పేరు ఒక్కటే బట్టీ కొడితే అవుతారు మరి. కళ, సముదాయం, ఊరు కలిపి పెట్టుకోండి. కనకరాజుది గుస్సాడీ, ఆయన ఆసిఫాబాద్ జిల్లా మార్లవాయి రాజ్‌గోండు, దీపావళి ముందు దండారి రోజుల్లో నెమలి పింఛాల టోపీ పెట్టి ఆడే ఆట అది, పద్మశ్రీ 2021లో వచ్చింది. సకిని రామచంద్రయ్యది కోయ డోలు, సమ్మక్క సారలమ్మల కథలు పాడేది ఇలాంటివాళ్లే, 2022. మీ జిల్లావారే గడ్డం సమ్మయ్య, చిందు యక్షగానం, 2024. మొదటి ఇద్దరూ 2024లోనే కన్నుమూశారు.

ప్రశ్న: మా ఇంట్ల ఇద్దరు గల్ఫ్‌ల ఉన్నరు. అయినా వలసల మీద ప్రశ్న వస్తే నాలుగు లైన్లు దాటి రాయలేకపోతున్న. ఏం చదవాలె? (జగిత్యాల నుంచి ఒక చెల్లె)

చెల్లె, నీకు పుస్తకం ఇంట్లోనే ఉంది. బీరువాలో పాత పాస్‌పోర్టు ఉంటే తీసి చూడు. ఈసీఆర్ అని ఉంటే, పదో తరగతి పాసవని మనిషి పని కోసం 18 దేశాలకు పోవాలంటే ప్రభుత్వం అనుమతి తీసుకోవాలని దానర్థం. ఆరు గల్ఫ్ దేశాలూ ఆ 18లో ఉన్నాయి. ఈ అనుమతి 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం నుంచి వచ్చింది. ఇచ్చే అధికారి ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్, మనకు ఆ ఆఫీసు హైదరాబాద్‌లో ఉంది, దరఖాస్తు నడిచేది ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో. లైసెన్స్ ఉన్న ఏజెంట్ తీసుకోదగ్గ ఫీజు 30,000 రూపాయలు, పైన జీఎస్టీ. ఊళ్లో సబ్ ఏజెంట్లు ఎంత గుంజుతారో నీకే బాగా తెలుసు, చట్టానికీ చావడికీ మధ్య ఉన్న ఆ దూరమే జవాబులో అసలు పాయింట్.

ఇంకాస్త లోపలికి పోదాం. అనుమతితో పోయేవాళ్లకు ప్రవాసీ భారతీయ బీమా తప్పనిసరి. రెండేళ్లకు 275, మూడేళ్లకు 375 ప్రీమియం, ప్రమాదంలో చనిపోయినా శాశ్వత వైకల్యం వచ్చినా 10 లక్షలు. కానీ క్యాంపులో రాత్రి పడుకుని తెల్లారి లేవని మనిషి, గుండెపోటు అని రాసిచ్చిన కాగితంతో తిరిగొచ్చిన మనిషి, ఈ 10 లక్షల లెక్కలోకి రాడు. విజిట్ వీసా మీద పోయి పనిలో కుదిరినవాడు ఈ ఏర్పాటులోనే ఉండడు, అనుమతి లేదు, బీమా లేదు. మన రాష్ట్రం 2023 డిసెంబర్ 7 నుంచి గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుల కుటుంబాలకు 5 లక్షల ఎక్స్‌గ్రేషియా ఇవ్వాలని 2024లో ఉత్తర్వు ఇవ్వడం ఎందుకు అవసరమైందో ఇక్కడే తెలుస్తుంది. పథకం పేరు, సంవత్సరం రాసి ఊరుకుంటే ఒక మార్కు, ఈ సందు చూపిస్తే నాలుగు.

కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని), అకామా (నివాస అనుమతి కార్డు), ఆజాద్ వీసా (కాగితం మీద ఒక కఫీల్, పని ఇంకెక్కడో), ఖల్లివెల్లి, ఔట్‌పాస్ (పాస్‌పోర్టు లేనివాళ్లు ఇల్లు చేరేందుకు ఇచ్చే కాగితం) అని మీ ఇంట్లో మాట్లాడుకునే మాటలు సిలబస్‌కు బయటివని అనుకోకు. కఫాలా పద్ధతిలో కార్మికుడి ఉండుడు, పోవుడు, పని మారుడు అంతా యజమాని చేతిలో ఉంటుంది. కఫీల్ దగ్గర్నుంచి బయటపడి కాగితాల్లేకుండా పనిచేసేవాడు ఖల్లివెల్లి అయితడు, ఆమ్నెస్టీ, అంటే క్షమాభిక్ష గడువు పెట్టినప్పుడు ఔట్‌పాస్ మీద ఇల్లు చేరుతడు. యూఏఈ అలాంటి అవకాశం 2024 సెప్టెంబర్ 1 నుంచి డిసెంబర్ 31 దాకా ఇచ్చింది. ఖతర్ 2020లో యజమాని ఒప్పుకోకున్నా ఉద్యోగం మారే వీలు కల్పించి, 2021 మార్చి నుంచి 1,000 రియాళ్ల కనీస వేతనం అమలు చేసింది, కంపెనీ తిండి, వసతి పెట్టకపోతే అందుకు 300, 500 అదనం.

మన దగ్గర వలస అనగానే పోవుడే యాదికొస్తది. వచ్చేవాళ్లనూ రాయి. పెద్దపల్లి చుట్టూ ఇటుక బట్టీల్లో చేసేది ఎక్కువగా ఒడిశా బలంగీర్, నువాపడా వైపు నుంచి అడ్వాన్సు తీసుకుని, పిల్లాజెల్లాతో వచ్చినవాళ్లు. మన పిల్లలు దుబాయ్ ఏజెంటు దగ్గర అప్పుతో పోయినట్టే వాళ్లూ సర్దార్, అంటే కూలీలను తెచ్చే దళారి దగ్గర అప్పుతో వస్తారు. వీళ్ల కోసం 1979లో వచ్చిన అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం ఇప్పుడు వృత్తి భద్రత కోడ్‌లో కలిసిపోయింది. నాలుగు లేబర్ కోడ్‌లూ 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చాయి, ఈ తేదీ రాసిపెట్టుకో. అసంఘటిత కార్మికుల పేర్లు నమోదు చేసే ఈ-శ్రమ్ పోర్టల్ 2021 ఆగస్టు 26న మొదలైంది. వరంగల్ పద్మశాలీలు సూరత్, భివండీ పోయిన సంగతి మూడో కోణం. 2018లో జీఐ (భౌగోళిక గుర్తింపు) వచ్చిన వరంగల్ జంపఖానాలు, గీసుగొండ దగ్గరి మెగా టెక్స్‌టైల్ పార్కు, కేంద్రం టెక్స్‌టైల్ పార్కుల పథకం పీఎం మిత్ర ఇవన్నీ ఆ కథలోకే వస్తాయి.

ప్రశ్న: గుత్తికోయలు వలసవాళ్లా, నిర్వాసితులా? జవాబులో ఏమని రాయాలి? (భూపాలపల్లి)

రెండూ రాయండి, ఎందుకో చెప్పండి. 2005లో ఛత్తీస్‌గఢ్‌లో మావోయిస్టులకు ఎదురుగా ప్రభుత్వ అండతో సల్వాజుడుం అనే సాయుధ దళాలు మొదలయ్యాక ఆ హింస తట్టుకోలేక అక్కడి గుత్తికోయ ఆదివాసులు చాలామంది ములుగు, భూపాలపల్లి, భద్రాద్రి అడవుల్లోకి వచ్చి గూడేలు కట్టుకున్నారు. సల్వాజుడుం చట్టవిరుద్ధమని సుప్రీంకోర్టు 2011 జులైలో తేల్చింది, కానీ వచ్చినవాళ్లు ఇక్కడే ఉండిపోయారు. రాజ్యాంగం 342వ అధికరణం ప్రకారం ఎస్టీ జాబితా రాష్ట్రానికొకటి, కాబట్టి అక్కడ ఎస్టీ అయినవాడికి గోదావరి దాటితే ఆ హోదా దొరకడం లేదు. అటవీ హక్కుల చట్టంలో కటాఫ్ 2005 డిసెంబర్ 13, ఆ తర్వాత కొట్టిన పోడుకు పట్టా రాదు. ఇంటికి కరెంటు లేదు, దారి లేదు, ఆశ కార్యకర్త వాగు దాటి నడవాలి. సరిహద్దు గూడేల్లో మలేరియా ఎందుకు పోవట్లేదని అడిగితే జవాబు దోమతో మొదలుపెట్టినా ఈ దారి దగ్గరికి రావాల్సిందే.

ప్రశ్న: ఆరోగ్యం టాపిక్ సముద్రంలా ఉంది. టెన్షన్ అయితోంది. ఏది వదిలేయొచ్చు? (నిర్మల్)

పురస్కారాలు, దినోత్సవాలు చివరి వారానికి వదిలేయండి. మన ప్రాంతానికి తగిలే జబ్బులు ముందు.

సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంకరపోయే రక్తపు జబ్బు) తప్పకుండా. జాతీయ మిషన్ 2023 జులై 1న మధ్యప్రదేశ్ శహడోల్‌లో మొదలైంది, లక్ష్యం 2047, 40 ఏళ్లలోపు 7 కోట్ల మందికి పరీక్షలు. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి లోపమున్న జన్యువు వస్తేనే జబ్బు, ఒక్కరి నుంచే వస్తే మనిషి క్యారియర్, మామూలుగానే తిరుగుతాడు. అందుకే పెళ్లికి ముందు ఈ పరీక్ష కార్డులు చూసుకోమంటారు. క్యారియర్లకు మలేరియా ముదిరే ముప్పు తక్కువ, మలేరియా ఉన్న అడవి ప్రాంతాల్లో ఈ జన్యువు నిలబడటానికి కారణం అదే. ఉట్నూరు ఏజెన్సీలో ఈ రెండు జబ్బులనూ విడదీసి చదవలేం.

టీబీలో రోగుల తిండికి ఇచ్చే నిక్షయ్ పోషణ్ సాయం 2024 నవంబర్ నుంచి నెలకు 500 నుంచి 1,000కి పెరిగింది. గల్ఫ్ మెడికల్‌లో ఛాతీ ఎక్స్‌రే మీద పాత టీబీ మచ్చ కనిపించినా అన్‌ఫిట్ అంటారు. జబ్బు ఎప్పుడో నయమైనా వీసా పోతుందన్న భయంతో అసలు చెప్పుకోనివాళ్లున్నారు, వలస, ఆరోగ్యం రెండూ కలిసే ఉదాహరణగా దీన్ని వాడుకోండి. మహమ్మారి ఒప్పందాన్ని ప్రపంచ ఆరోగ్య సభ 2025 మే 20న ఆమోదించిందని ఒక్క లైను చాలు.

ప్రశ్న: మా నాన్న మస్కట్‌ల ఉంటడు. మెయిన్స్ వ్యాసంలో ఆయన గురించి రాయొచ్చా? (సిరిసిల్ల)

పేరు, ఊరు, ‘మా నాన్న’ అని మాత్రం రాయకు తమ్మీ, నువ్వెవరో తెలిసేలా ఏది రాసినా ఆన్సర్ బుక్‌లెట్ చెల్లకుండా పోయే ప్రమాదముంది. కానీ ఆయన ఎంత అప్పుతో పోయిండు, ఏ వీసా మీద పోయిండు, పాస్‌పోర్టు ఎవరి దగ్గరుంది, ఎండాకాలం మధ్యాహ్నం పని ఆపుతరా లేదా, ఈ నాలుగూ ఈ శుక్రవారం ఫోన్లో అడుగు. ‘సిరిసిల్ల ప్రాంతం నుంచి ఒమన్ వెళ్లిన ఒక కార్మికుడు’ అని మొదలుపెట్టి రాయి.