సర్కారు ఇల్లు నమ్ముకుని కెనడా విమానం ఎక్కవచ్చా?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. కెనడాలో శాశ్వత నివాస అనుమతి (పీఆర్) వచ్చింది. ఇద్దరు పిల్లలతో ఒంటారియో రాష్ట్రంలోని బ్రాంప్టన్ వస్తున్నాం. మొదట్లో గోదాముల్లోనే పని దొరుకుతుందంటున్నారు. తక్కువ అద్దెకు సర్కారు ఇళ్లు ఇస్తారట కదా అన్నయ్యా?

జవాబు: ఇస్తారు చెల్లెమ్మా, మీ వంతు వచ్చాక. రాబడిలో 30 శాతమే అద్దె అంటే ఎవరు వదులుకుంటారు? ఏళ్ల తరబడి ఎదురుచూసేవాళ్లున్నారు. కొత్తగా ఇలాంటి ఇళ్లు కట్టడానికి నిధులివ్వడం కేంద్ర ప్రభుత్వం 1993లో ఆపేసింది. ఆ లోటు ఇప్పటికీ పూడలేదు. దిగగానే దరఖాస్తు పెట్టి, ఆ సంగతి మరిచిపోండి.

ఒంటారియోలో కనీస వేతనం 2025 అక్టోబరు నుంచి గంటకు 17.60 డాలర్లు. వారానికి 40 గంటలు చేస్తే నెలకు మూడు వేల పైచిలుకు, అదీ పన్ను కోయకముందు. అందులో 30 శాతమంటే తొమ్మిది వందలు. ఆ డబ్బుకు ఇక్కడ ఇల్లు రాదు, మహా అయితే ఒక గది. ఇద్దరూ సంపాదించినా ముందు బేస్‌మెంటే, అంటే ఇంటి కింద నేలమాళిగే గతి.

బేస్‌మెంట్లలోనూ రకాలున్నాయి. సూరత్ మరమగ్గాలకు వెళ్లిన మన గంజాం కుర్రాళ్ల మెస్సు గదులు మీరు వినే ఉంటారు: పగటి షిఫ్టువాడు లేచిన చోటే రాత్రి షిఫ్టువాడు నడుం వాల్చాలి. ఇక్కడా మంచానికింత అని వసూలు చేసే మహానుభావులున్నారు, మన భాషవాళ్లతో సహా. పిల్లలతో ఆ గడప తొక్కకండి. మనిషి బయటపడేంత కిటికీ, పొగ వస్తే మోగే అలారం ఉన్నాయో లేదో చూడండి. నగరపాలక సంస్థలో ఆ బేస్‌మెంటు నమోదైందా అని అడగండి.

వంటగదో స్నానాలగదో ఇంటి యజమానితో కలిసి వాడుకునే ఏర్పాటుకు మాత్రం ఒప్పుకోకండి. అలాంటి చోట అద్దె చట్టం వర్తించదు, పొమ్మంటే పోవలసిందే. విడిగా ఉంటే చట్టం మీ వెనుక ఉంటుంది. అడ్వాన్సుగా ఒక నెల అద్దెకు మించి అడగకూడదు, అదీ చివరి నెలకు జమ కావాలి. మన ఊళ్లోలా మూడు నెలలు, పైగా గోడల సున్నానికి విడిగా అంటే కుదరదని చెప్పండి. 2026లో అద్దె పెంపు పరిమితి 2.1 శాతం. అయితే 2018 నవంబరు 15 తర్వాత మొదటిసారి కాపురం పెట్టిన ఇళ్లకు ఆ పరిమితి లేదు, ఆ తేదీ ముందే కనుక్కోండి.

తెలుగువాడే కదా అని ఒప్పందపత్రం అడగడానికి మొహమాటపడకండి. అద్దె నగదుగా ఇచ్చినప్పుడల్లా రసీదు తీసుకోండి. దానికి డబ్బు అడగకూడదు.