కొమ్మల మంచం చేస్తానన్న బిడ్డకు

సిరోంచ

బిడ్డా,

నువ్వు గీసి పంపిన మంచం బొమ్మ చూసిన. తలాపు మీదికి కొమ్మలు లేచినట్టు, మంచం కోళ్ళు చెట్టు మాను లెక్క, బెరడు బెరడే ఉంచి గీసినవ్. మంచిగున్నది. మన ఇంట్ల ఆడపిల్ల ఉలి పడ్తా అంటే నాకెంత సంతోషమైందో మీ పెద్దమ్మనడుగు. మీ తాత ఉంటే కట్టె చెక్కే బాడిస సంచిల ఏసుకొని పొద్దుగాల్నే చంద్రపూర్ బస్సెక్కేటోడు. నాకు మోకాళ్ళు సాగక రాస్తున్న.

ముందుగాల బెరడు సంగతి. బెరడు ఉంచకు.

మీ అక్క పెండ్లికి నేను అసొంటి మంచమే చేసిన. తుమ్మ కోళ్ళు, బెరడు మీదనే నూనె పట్టించిన. చూసినోళ్ళందరు మెచ్చుకున్నరు. వానలు పడక ముందే మంచం కింద రోజూ పొద్దున పిండి రాలుడు మొదలైంది, జల్లెడ పట్టినట్టు మెత్తగ. రాత్రి చెవి ఆనిస్తే లోపల కిరకిర. బెరడు లేపి చూస్తే కింద పురుగు దొలిచిన దారులు, కొన్నిట్ల చిటికెన వేలు పట్టింది. ఆ కోళ్ళు ఊడదీసి తెచ్చి కాలబెట్టిన నాడు నాకు అన్నం సయించలే. వియ్యపురాలు ఒక్క మాటనలేదు, అది ఇంకా బాధ.

ఆ పురుగు బెరడు పగుళ్ళల్ల గుడ్లు పెడ్తది. దానికి కావాల్సింది కట్టె నడుమ గట్టిగుండే చేవ కాదు, చేవ చుట్టూ ఉండే తెల్లకట్టె. టేకైనా అంతే. టేకుకు చెద పట్టదంటరు గని, పట్టనిది లోపలి గోధుమరంగు చేవకే. 2023ల బల్లార్షా నుంచి అయోధ్య గుడి తలుపులకు టేకు పోయిందంటే ఆ చేవను చూసే. చెయ్యి మందం కొమ్మల చేవ ఎంతుంటది? ఎక్కువ తెల్లకట్టెనే. అందుకే కొమ్మ పచ్చిగున్నప్పుడే బెరడు చెక్కి, బోరాక్సూ బోరిక్ ఆసిడూ కలిపిన నీళ్ళు బ్రష్‌తోని రెండు మూడు మార్లు పట్టియ్యి. పచ్చి కట్టెలకైతేనే మందు లోపలికి దిగుతది. చేతులకు తొడుగులు ఏసుకో.

ఇగ ఎండుడు. పలకైతే అంగుళం మందానికి ఏడాది అని మా లెక్క. మణికట్టంత కొమ్మలకు కూడా ఒక ఎండకాలం పూర్తిగ పోవాలె. చంద్రపూర్ ఎండ చూసి తొందరపడి బయట పెట్టకు, నిలువునా పగుల్తయి. నీడల, గాలి ఆడే చోట, కింద ఇటుకలు, వరుసకూ వరుసకూ నడుమ సన్న బద్దలు. రెండు చివర్లకు పాత పెయింటో మైనమో పుయ్యి, నీళ్ళు కొసల నుంచే తొందరగ పోతయి కాబట్టి పగులు అక్కడ్నే మొదలైతది. ఎండిందో లేదో తెలుసుకునేందుకు ఒక కొమ్మకు గుర్తు పెట్టి వారం వారం తూకమెయ్యి. తూకం దిగుడు ఆగినంక పని మొదలుపెట్టు.

కట్టె ఎక్కడిదంటవా? అడివిల రాలిపడ్డదే కదా అని తేవద్దు. సొంత చేన్ల టేకు కొట్టాలన్నా మహారాష్ట్రల అనుమతి కావాలె, 1964 నుంచి చట్టమున్నది. రసీదు లేని టేకు ముట్టుకోకు, తెలంగాణ దిక్కు నుంచి తెచ్చేదైతే దాటించే కాగితం సుత ఉండాలె. నన్నడిగితే పెంకుటిండ్లు ఇప్పినప్పుడు వచ్చే పాత దూలాలు కొను. ఏండ్ల కింద ఎండిన చేవ అది. రంపం పెట్టే ముందు అయస్కాంతం తిప్పి మొలలు ఏరెయ్యి. కొమ్మలకు వేపనో మామిడో మీ దోస్తుల చేన్ల అడుగు.

నీ బొమ్మల నేను మార్చేది ఒకటే. వంకర్లన్ని తలాపుకు పెట్టు, బరువు మోసేటివి మాత్రం సూటిగ ఉంచు. పరుపు ముందు కొని, దాని కొలత మీద రెండు పక్కల అర్ధంగుళం విడిచి పట్టెలు, అంటే కోళ్ళను కలిపే అడ్డకట్టెలు, కొయ్యి. పట్టె ఆరంగుళాల ఎత్తు, అంగుళంనర మందం. ఐదు ఫీట్ల వెడల్పు మంచానికి నడుమ ఒక దూలం, దాని కింద నేలకు ఆనే కోడు తప్పదు. పరుపు కింది బద్దల నడుమ సందు మూడు వేళ్ళు దాటనియ్యకు. పట్టెలు కోళ్ళకు బోల్టులతోని బిగియ్యి, జిగురు పెట్టకు. మీది కిరాయి ఇల్లు, మంచం తలుపుల నుంచి బయటికి రావాలె. బిగించే ముందు మూల నుంచి ఎదురు మూలకు దారం పట్టి రెండు దిక్కుల చూడు, రెండు కొలతలు ఒక్కటైతేనే మంచం సదురు.

తలాపుకు నేల మీద సుద్దముక్కతోని అసలు సైజుల గీసి, దాని మీద కొమ్మలు పేర్చుకో. రెండు మూడు రోజులు అట్లనే ఉంచి వస్తూ పోతూ చూడు. ఏ కొమ్మ ఎటు తిరగాలెనో అదే చెప్తది. కుసి, అంటే బెజ్జంల దిగేటట్టు కొమ్మ కొసకు చెక్కే మొన, గుండ్రంగ, అంగుళం మందం, అంగుళంనర పొడుగు. బెజ్జం అదే కొలత. గూటంతోని నాలుగైదు దెబ్బలకు దిగితే సరైన కుసి. చేతితోని నెడితే పోయిందంటే వదులు, ఇంకో కొమ్మ చెక్కు. బలవంతంగ దించితే కోడు పగుల్తది. కట్టె పొడుగుల తగ్గదు, మందంల తగ్గుతది, అందుకే కుసి పూర్తిగ ఎండి ఉండాలెనని ఇంత చెప్తున్న. పచ్చి కుసి ఆరు నెలలకు కిర్రుమంటది. కూసున్నప్పుడు తల ఆనే ఎత్తుల కొమ్మ మొన ఒక్కటి ఉండొద్దు, కండ్లు మూసుకొని అరచెయ్యితోని తడిమి చూడు.

అవిశె నూనె పల్చగ రెండు పూతలు, ఒకటి ఆరినంక ఇంకోటి. తుడిచిన గుడ్డలు ఉండజుట్టి మూలకు పడెయ్యకు బిడ్డా. ఆ నూనె ఆరేటప్పుడు వేడి పుడ్తది, ఉండల వేడి బయటికి పోక దానంతటదే అంటుకుంటది. గుడ్డలు నీళ్ళల్ల ముంచు, లేదంటే దండెం మీద పరిచి ఆరెయ్యి.

బెజ్జాలు కొట్టే ముందు కొలతలు నాకు పంపు. మీ తాత బాడిస వచ్చే వారం అటొచ్చేటోళ్ళతోని పంపుతున్న. సాన పట్టించిన, గుడ్డ చుట్టి ఉంటది, విప్పేటప్పుడు పైలం.

మీ పెద్దబాపు