గోల చేయకుండా కదిలించే ఆసియా సినిమాలు: ఒక ఫోటో స్టూడియో వాడి లిస్టు

చూడదగ్గ సినిమాలు చెప్పమని అడిగినవారు రెండు షరతులు పెట్టారు. ఆసియా సినిమా అయి ఉండాలి, చూశాక మనసు మెత్తబడాలి గానీ కావాలని ఏడిపించకూడదు. రెండో షరతు నాకు బాగా నచ్చింది. చావు సీనుకి అరగంట ముందు నుంచే వయొలిన్లు మొదలుపెట్టే సినిమాలంటే నాకు ఒళ్ళుమంట. పాత్ర తన బాధ తను చెప్పుకోకుండా ఏదో ఇంటిపని చేసుకుంటూ పోతుంటే చూస్తున్న మనకి గొంతు పట్టేస్తుంది చూడండి, అలాంటివే చెబుతాను.

ముందు 'క్రిస్మస్ ఇన్ ఆగస్ట్'. 1998లో వచ్చిన కొరియా సినిమా, దర్శకుడు హర్ జిన్-హో. దీన్ని పైన పెట్టడంలో కొంచెం స్వార్థం ఉంది లెండి, అందులో హీరోది ఫోటో స్టూడియో, నాదీ ఫోటో స్టూడియోనే, రాజోలు వైపు. హీరోకి జబ్బు, ఎక్కువ కాలం బతకడు. ఆ సంగతి సినిమా దాచదు, అలాగని దాని మీద ఎవరూ పేజీల కొద్దీ డైలాగులు చెప్పరు. అడ్డదిడ్డంగా ఆపిన కార్లకు చలానాలు రాసే అమ్మాయి ఫోటోలు కడిగించుకోడానికి వచ్చిపోతూ ఉంటుంది, ఇద్దరికీ ఒకరంటే ఒకరికి ఇష్టం, కథంతా అంతే.

అందులో ఒక కుటుంబం గ్రూపు ఫోటోకి వస్తుంది, పనిలో పనిగా బామ్మగారిది విడిగా ఒకటి తీయిస్తారు. తర్వాత ఆవిడ ఒక్కతే మంచి బట్టలు కట్టుకుని మళ్ళీ వస్తుంది. ఇంకోసారి తియ్యి నాయనా, నేను పోయాక పెట్టే ఫోటో ఇది, బాగా రావాలి అంటుంది. అతను మారు మాట్లాడకుండా ఆవిడని కూర్చోబెట్టి తీస్తాడు. తీస్తున్నవాడు కూడా పోబోతున్నాడని మనకి తెలుసు, ఆవిడకి తెలీదు.

ఈ పని చేసేవాడిని కాబట్టి ఒక మాట చెప్పాలి. మా దగ్గర పెద్దకర్మ ఫోటో కోసం మనిషి బతికుండగా ఎవరూ రారు. పోయాక రెండో రోజో మూడో రోజో కొడుకు వస్తాడు, ఎవరి పెళ్ళిలోనో తీసిన గ్రూపు ఫోటోనో, అదీ లేకపోతే ఆధార్ కార్డో పట్టుకుని. పక్కవాళ్ళ భుజం కత్తిరించి, వెనకాల నీలం రంగు వేసి, నలిగిన చొక్కా తీసి కొత్త చొక్కా తగిలించి, పన్నెండు బై పద్దెనిమిది ఫ్రేము కట్టి ఇస్తాం. ముందే తీయించుకుందామని ఇంట్లో ఎవరైనా అంటే అపశకునం మాటలు మాట్లాడకు అని నోరు మూయించేస్తారు. అందుకే తన ఫోటో సంగతి తనే చూసుకోవాలని వచ్చిన ఆ ముసలావిడ నాకు ఇప్పటికీ వదలదు.

అదే సినిమాలో ఇంకో సీను. హీరో వాళ్ళ నాన్నకి వీడియో ప్లేయరు వాడటం నేర్పుతుంటాడు. ఆయనకి ఎంతకీ ఎక్కదు, వీడికి విసుగొచ్చి లేచిపోతాడు. తర్వాత కూర్చుని ఏ బటన్ తర్వాత ఏ బటన్ నొక్కాలో పెద్ద పెద్ద అక్షరాలతో కాగితం మీద రాస్తాడు. రేపు ఈయనకి నేర్పడానికి నేను ఉండను అన్న మాట సినిమాలో ఎక్కడా వినపడదు. నాన్నకి ఫోన్‌పే నేర్పబోయి కసురుకున్న ప్రతివాడూ ఈ సీను ఒకసారి చూడాలి.

రెండోది 'ద వే హోమ్', ఇదీ కొరియాదే, 2002. తీసింది లీ జియోంగ్-హ్యాంగ్ అనే మహిళా దర్శకురాలు. ఇది మా అమ్మతో కలిసి చూశాను. అమ్మకి ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ చదవడం రాదు, మామూలుగా అయితే పక్కన కూర్చుని నేను తెలుగులో చెబుతూ ఉండాలి, ఇద్దరికీ చిరాకే. ఈ సినిమాకి ఆ బాధ చాలా తక్కువ, ఎందుకంటే అందులో అమ్మమ్మ మూగది. పనీపాటా వెతుక్కోడానికి కూతురు తన ఏడేళ్ళ కొడుకుని తెచ్చి ఈవిడ దగ్గర వదిలేసి పోతుంది. సియోల్‌లో పెరిగిన పిల్లాడు, వీడియో గేమ్ తప్ప ఇంకేమీ పట్టదు, మహా పొగరు. బ్యాటరీల కోసం అమ్మమ్మ తల్లో వెండి పిన్ను కూడా కాజేస్తాడు.

వాడు కెంటకీ చికెన్ కావాలని మారాం చేస్తాడు. ఆవిడకి అర్థమైంది కోడి అని మాత్రమే. ఉన్న నడుం నొప్పితో, వానలో, కోడిని సంపాదించుకొచ్చి శుభ్రంగా ఉడకబెట్టి పెడుతుంది. నేనడిగింది వేపుడు, నీళ్ళలో వేసింది కాదు అని వాడు ఏడ్చి గోల గోల చేస్తాడు. అప్పటిదాకా వంటింట్లోకీ హాల్లోకీ తిరుగుతున్న అమ్మ అక్కడ వచ్చి కూర్చుంది. పాపం ఆవిడకేం తెలుసురా అంది. రాత్రి ఆకలేసి వాడు అదే కోడి చప్పుడు కాకుండా తింటుంటే అమ్మ నవ్వింది. చివర్లో వెళ్ళిపోయే ముందు వాడు అమ్మమ్మ సూదులన్నిటికీ దారం ఎక్కించి పెడతాడు, ఆవిడకి కళ్ళు సరిగా ఆనవని. కొరియా గురించి మా అమ్మకి ఏమీ తెలీదు, కానీ దారం ఎక్కించడం ఎందుకో ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. ఆ అమ్మమ్మగా వేసిన కిమ్ ఉల్-బున్ అంతకుముందు ఎప్పుడూ నటించని పల్లెటూరి మనిషి. నటి కాకపోవడం వల్లే అలా చేయగలిగిందని నా నమ్మకం.

ఇక నాకు అన్నిటికన్నా ఇష్టమైనది, జపాన్ దర్శకుడు హిరోకాజు కొరేడా తీసిన 'స్టిల్ వాకింగ్', 2008. ఒక్క మాటలో చెప్పాలంటే తద్దినం సినిమా. నీళ్ళలో మునిగిపోతున్న పిల్లాడిని కాపాడబోయి పెద్దకొడుకు చనిపోయాడు, ఏటా ఆ రోజున మిగిలిన పిల్లలు పెళ్ళాం బిడ్డలతో అమ్మానాన్నల ఇంటికి వస్తారు. ఒక పగలు, ఒక రాత్రి, మర్నాడు వెళ్ళిపోవడం. కథ అంటూ పెద్దగా లేదు. తల్లి మొక్కజొన్న గింజలు ఒలిచి పిండిలో కలిపి నూనెలో వేస్తుంటే అవి చిటపటలాడే చప్పుడు, పిల్లలు గదుల్లో పరిగెత్తడం, రిటైరైన డాక్టరు తండ్రి ముభావంగా తన గదిలో కూర్చోవడం. సంక్రాంతికి మా కోనసీమ ఇళ్ళు చూసినవాళ్ళకి ఇది కొత్తగా అనిపించదు. ఏడాది పొడుగునా ఇద్దరే ఉండే పెద్ద పెంకుటింట్లో మూడు రోజులు కాలు పెట్టే చోటు ఉండదు, అరిసెల మూకుడు దగ్గరే పాత కోపాలన్నీ కొంచెం కొంచెంగా పైకొస్తాయి.

ఆ కొడుకు కాపాడిన పిల్లాడు ఇప్పుడు పెద్దవాడయ్యాడు, లావుగా, చెమటలు కక్కుతూ, ఏ ఉద్యోగంలోనూ నిలదొక్కుకోకుండా. ప్రతి ఏడాదీ ఆ రోజున వాణ్ణీ పిలుస్తారు. పాపం ఇబ్బంది పడుతున్నాడు, ఇక పిలవద్దులే అమ్మా అంటాడు చిన్నకొడుకు. అప్పుడు తల్లి అల్లిక పని చేసుకుంటూ, తల కూడా ఎత్తకుండా, ఇబ్బంది పడాలనే పిలుస్తున్నాను అన్నట్టు ఒక మాట అంటుంది. అప్పటిదాకా హాస్యమాడుతూ అందరికీ వడ్డించిన మనిషి! తల్లిగా వేసిన కిరిన్ కికి గొంతు పెంచదు, కన్నీళ్ళు పెట్టదు. నాకైతే ఒళ్ళు జలదరించింది. కొరేడా తన తల్లి పోయిన తర్వాత తీసిన సినిమా ఇది, అయినా తల్లిని దేవతను చేయలేదు.

'టోక్యో స్టోరీ' పేరు మీరు వినే ఉంటారు, యసుజిరో ఓజు తీసినది, 1953. ఒనోమిచి అనే సముద్రపు ఒడ్డు ఊరి నుంచి ముసలి దంపతులు టోక్యోలో ఉన్న పిల్లల్ని చూడటానికి వెళతారు. పిల్లలు చెడ్డవాళ్ళేం కాదు, తీరిక లేదు, అంతే. ఒక కొడుకు డాక్టరు, కూతురికి బ్యూటీ పార్లరు. అమ్మానాన్నల కోసం భర్త ఖరీదైన స్వీట్లు తెస్తే, వాళ్ళకి ఇవెందుకు అని సణుక్కుంటూ తనే తింటుంది ఆ కూతురు. చివరికి ఇద్దరినీ అటామి అనే వేడినీటి ఊటల ఊరికి పంపేస్తారు, అదో మర్యాదైన వదిలించుకోవడం. యుద్ధంలో పోయిన కొడుకు భార్య మాత్రం ఆఫీసుకి సెలవు పెట్టి మరీ ఊరంతా తిప్పి చూపిస్తుంది. మియాపూర్‌లో కొడుకు ఫ్లాటుకి వెళ్ళి పది రోజులు తిరక్కుండానే కాలవ గట్టు గుర్తొచ్చి రాజోలు బస్సెక్కేసే పెద్దవాళ్ళు మా వైపు ఎంతమందో. కొడుకు బాగానే చూసుకున్నాడండీ అంటారు దిగగానే, అడక్కుండానే.

అయితే దీన్ని మొట్టమొదట పెట్టుకోకండి. కెమెరా దాదాపు కదలదు, చాపమీద కూర్చున్న మనిషి కళ్ళ ఎత్తులోనే ఉంటుంది, అలవాటు లేనివాళ్ళు పావుగంటకే ఫోను తీస్తారు.

మిగతావి గబగబా చెప్పేస్తాను. హాంకాంగ్ నుంచి ఆన్ హుయి తీసిన 'ఎ సింపుల్ లైఫ్' (2011), ఒకే ఇంట్లో తరాలుగా పనిచేసిన మనిషికి పక్షవాతం వస్తే ఆ ఇంటి అబ్బాయి చూసుకోవడం కథ. ఆ పనిమనిషిగా వేసిన డీనీ ఇప్‌కి వెనిస్ చిత్రోత్సవంలో ఉత్తమ నటి అవార్డు వచ్చింది, అబ్బాయిగా వేసిన ఆండీ లావ్ ఇంత తగ్గి నటించగలడని నేను అనుకోలేదు. ఇరాన్ నుంచి కియరోస్తమి తీసిన 'వేర్ ఈజ్ ద ఫ్రెండ్స్ హౌస్' (1987), పొరపాటున తన సంచిలో వచ్చేసిన తోటి పిల్లాడి నోటుబుక్కు తిరిగి ఇవ్వడానికి పక్క ఊరికి పరిగెత్తే కుర్రాడు, అంతే సినిమా, కానీ టెన్షన్ మామూలుగా ఉండదు. ఒక జత బూట్లని అన్నాచెల్లెళ్ళిద్దరూ మార్చుకుని వేసుకునే 'చిల్డ్రన్ ఆఫ్ హెవెన్' (1997) పిల్లలతో చూడటానికి బాగుంటుంది.

జపాన్ సినిమా 'డిపార్చర్స్'కి 2009లో ఆస్కార్ వచ్చింది, అందరూ చెబుతారు, నాకు మాత్రం ఆ చెల్లో (పెద్ద వయొలిన్ లాంటి వాయిద్యం) సంగీతం కాస్త ఎక్కువైంది. కొరేడాదే 'నోబడీ నోస్' (2004) గొప్ప సినిమా, తల్లి వదిలేసి పోతే నలుగురు పిల్లలు ఫ్లాటులో ఒంటరిగా బతకడం, పెద్దవాడిగా వేసిన యూయా యాగిరాకి పద్నాలుగేళ్ళకే కాన్ చిత్రోత్సవంలో ఉత్తమ నటుడు అవార్డు. కానీ మనసు బాగోలేని రోజున మాత్రం వద్దు, నా మాట వినండి.

తైవాన్ 'యి యి' (2000), ఎడ్వర్డ్ యాంగ్‌ది, దాదాపు మూడు గంటలు. పెళ్ళితో మొదలై అంత్యక్రియలతో ముగుస్తుంది, మధ్యలో ఒక బుడ్డోడు కెమెరా పట్టుకుని అందరి తలల వెనక భాగాలు ఫోటోలు తీస్తుంటాడు, మీకు మీ వెనక కనపడదు కదా, అందుకే అని.

ఏది ఏ ఓటీటీలో ఉందో నేను చెప్పను, ఇవాళ ఉన్నది వచ్చే నెల ఉండదు. ఇంగ్లీషు డబ్బింగ్ దొరికినా ఒరిజినల్ భాషలోనే చూడండి. ఇంట్లో పెద్దవాళ్ళుంటే 'ద వే హోమ్'తో మొదలుపెట్టండి, ఒక్కరే అయితే 'క్రిస్మస్ ఇన్ ఆగస్ట్'తో. ఈ రెండూ నచ్చితే 'స్టిల్ వాకింగ్', ఆ తర్వాతే ఓజు. శ్రీలంక సినిమాలు నేను పెద్దగా చూడలేదు, ఇదే బాపతువి ఎవరికైనా తెలిస్తే పేర్లు చెప్పండి.